ఆముదం పీయూ–పాలీస్టైరిన్ ఐపీఎన్: అద్దంలా మొదలై పాలలా తెల్లబడుతోంది, తప్పెక్కడ?

#1 · ఆముదంచేను · సోమవారం రాత్రి 10:42

అందరికీ నమస్కారం. పీహెచ్‌డీ రెండో ఏడాది చేస్తున్నాను. మాది నల్గొండ వైపు. చిన్నప్పుడు ఆముదం చేలల్లో తిరిగాను, ఇప్పుడు అదే నూనెతో ల్యాబ్‌లో తంటాలు పడుతున్నాను.

చేసేది ఐపీఎన్, అంటే ఒకదాంట్లో ఒకటి చొచ్చుకుపోయిన రెండు పాలిమర్ వలలు. ఒకటి పాలీయూరితేన్ (పీయూ), రెండోది పాలీస్టైరిన్. పీయూ కోసం ఆముదం, టీడీఐ అనే ఐసోసయనేట్. టీడీఐలోని ఎన్‌సీఓ గ్రూపులకి, ఆముదంలోని ఓహెచ్ గ్రూపులకి నిష్పత్తి 1.1. ఆ చర్య వేగం పెంచే కెటలిస్ట్‌గా నూనె బరువులో 0.02 శాతం డీబీటీడీఎల్. అదే బీకరులో స్టైరిన్, దాని గొలుసుల్ని వలగా ముడివేసే డీవీబీ దాని బరువులో 2 శాతం, రాడికల్స్ పుట్టించి స్టైరిన్‌ను పాలిమర్‌గా మార్చే బెంజాయిల్ పెరాక్సైడ్ 1 శాతం. మొత్తం మీద పీయూ 60, స్టైరిన్ 40. పావుగంట కలిపి, రెండు గాజు పలకల మధ్య పోసి, నేరుగా 75 డిగ్రీల ఓవెన్‌లో పెడుతున్నాను.

పోసినప్పుడు పలక వెనక న్యూస్‌పేపర్ పెడితే చిన్న అక్షరాలు కూడా చదవొచ్చు. అరగంట దాటాక మసక మొదలవుతుంది. గంటకల్లా గడ్డ పెరుగులా తెల్లగా అయిపోతుంది. ఫిల్మ్ చేతికి వస్తుంది కానీ వంచితే మడత దగ్గర చిట్లుతోంది.

స్టైరిన్ బదులు ఎంఎంఏ (ఇది పాలిమర్ అయితే పీఎంఎంఏ, అంటే యాక్రిలిక్ ప్లాస్టిక్) వేస్తే మాత్రం ఫిల్మ్ అద్దంలా ఉంది. అంటే పీయూ, పీఎంఎంఏ ఒకదాంట్లో ఒకటి బాగా కలిసిపోతున్నాయని ప్రోగ్రెస్ రిపోర్ట్‌లో రాసేశాను. స్టైరిన్ దగ్గరే ఆగిపోయాను. సీనియర్ ఒకాయన "సరిగ్గా కలపడం లేదు, స్పీడ్ పెంచు" అన్నారు. హోమోజినైజర్ పెట్టి తిప్పి చూశాను. అదే తెలుపు. ఏం చేయాలి?

#2 · పెట్రిడిష్ · సోమవారం రాత్రి 11:05

ముందు నీళ్ల సంగతి చూడండి. ఆముదం తేమను బాగా పట్టి ఉంచుతుంది. ఐసోసయనేట్‌కి నీళ్లు తగిలితే కార్బన్ డై ఆక్సైడ్ వస్తుంది, యూరియా గడ్డలు వస్తాయి. సన్న బుడగలు కూడా చూడటానికి తెల్లగానే ఉంటాయి. నేను ఆర్నెల్లు దీన్నే ఫేజ్ సెపరేషన్ (రెండు పదార్థాలు వేర్వేరు గడ్డలుగా విడిపోవడం) అనుకుని బతికాను.

#3 · ఆముదంచేను · సోమవారం రాత్రి 11:20

నూనెను 90 డిగ్రీల దగ్గర వాక్యూమ్‌లో రెండు గంటలు ఆరబెట్టే వాడుతున్నానండీ. మైక్రోస్కోప్ కింద బుడగలు లేవు. అల్లిబిల్లిగా, చలిమిడి మీద పడ్డ వేలిముద్రల్లా గీతలున్నాయి. పైగా స్టైరిన్ లేకుండా ఒట్టి పీయూ చేస్తే తేనె రంగులో క్లియర్‌గా వస్తోంది.

#4 · పెట్రిడిష్ · సోమవారం రాత్రి 11:24

అల్లిబిల్లిగా ఉన్నాయంటే బుడగలు కావు. నా మాట వెనక్కి తీసుకుంటున్నా. పెద్దవాళ్లు వస్తారు, ఆగండి.

#5 · చాక్‌పీసు మాస్టారు · మంగళవారం ఉదయం 6:15

నాయనా, నీ సీనియర్ చెప్పింది తప్పు. ఎంత తిప్పినా లాభం లేదు. నీ బీకరులో పోసినప్పుడు అన్నీ నిజంగానే కలిసి ఉన్నాయి. అందుకే అక్షరాలు చదవగలిగావు. అవి తర్వాత విడిపోతున్నాయి.

చిన్న అణువులు రెండు రకాలు కలిస్తే ఎంట్రోపీ, అంటే అవి ఎన్ని రకాలుగా సర్దుకోగలవనే లెక్క, బోలెడంత పెరుగుతుంది. ఒకదానికొకటి కాస్త గిట్టకపోయినా ఆ లాభం కోసం కలిసే ఉంటాయి. అవే అణువులు పొడవాటి గొలుసులైతే, కలవడం వల్ల వచ్చే ఎంట్రోపీ గొలుసు పొడవుకు తగ్గట్టు పడిపోతుంది. వెయ్యి మందిని తాడుతో వరసగా కట్టేస్తే వాళ్లు జనంలో ఎన్ని రకాలుగా కలిసి తిరగగలరు? ఫ్లోరీ–హగ్గిన్స్ సిద్ధాంతం చెప్పేది ఇదే. రెండు గొలుసులూ సమాన పొడవుంటే, గిట్టనితనాన్ని కొలిచే కై విలువను ఎన్ అనే పొడవుతో గుణించినప్పుడు 2 దాటితే చాలు, విడాకులే. ఎన్ వెయ్యి అనుకో, కై 0.002 ఉంటే సరిపోతుంది. అంత చిన్న తేడా లేని పాలిమర్ల జతలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

కాబట్టి ఐపీఎన్ చేయడమంటే విడిపోతామని పట్టుబట్టిన రెండింటిని విడిపోయేలోపు కట్టేయడం. ఇంట్లో పాలు చూడు. తోడు పడితే పెరుగవుతుంది, నీళ్లన్నీ ఆ అల్లికలో చిక్కుకుని ముక్కగా నిలబడతాయి. అవే పాలు విరిగితే గడ్డలొక చోట, నీళ్లొక చోట. నీ ఓవెన్‌లో ఈ రెండింటి మధ్య పందెం నడుస్తోంది. వల గట్టిపడటం ముందా, విడిపోవడం ముందా? నీ దగ్గర విరగడమే గెలుస్తోంది. రెండు పాలిమర్లూ పొడవయ్యే కొద్దీ విడిపోవడం మొదలవుతుంది, ఆ లోపు పీయూ జెల్ అయిపోవాలి, అంటే అంతటా ఒకే వలగా పట్టేయాలి.

#6 · రబ్బరుబాబాయ్ · మంగళవారం ఉదయం 8:50

మాస్టారు చెప్పింది నిజమే. తిప్పడం అసలు పనికిరాదని మాత్రం అనకండి. హెచ్ఐపీఎస్ (రబ్బరు కలిపి పెళుసుదనం తగ్గించిన పాలీస్టైరిన్) తయారీలో తిప్పడమే ప్రాణం. పాలీబ్యుటడైన్‌ను స్టైరిన్‌లో కరిగించి పాలిమరైజ్ చేస్తుంటే ముందు పాలీస్టైరిన్ చుక్కలుగా విడిపోతుంది. అది రబ్బరు ద్రావణంతో సమానమయ్యే వేళకు అంతా తలకిందులై రబ్బరు చుక్కలుగా మారి పాలీస్టైరిన్ బయటి సముద్రమవుతుంది. తిప్పకపోతే ఆ తిరగబడటమే సరిగ్గా జరగదు. పాత ఫ్రిజ్‌ల లోపలి తెల్ల గోడ అదే. ఆ తెలుపులో సగం ఫేజ్ సెపరేషన్ పుణ్యమే.

కానీ అది క్రాస్‌లింకులు (గొలుసుల మధ్య ముళ్లు) లేని ద్రవం. తమ్ముడి దగ్గర పలకల మధ్య పోశాక ఎవరూ తిప్పడం లేదుగా. అందుకే హోమోజినైజర్ దండగ.

జెల్ ఎప్పుడవుతోందో చూస్తున్నావా తమ్ముడూ? టెస్ట్‌ట్యూబ్‌లో పక్కన కాస్త ఉంచుకుని గాజు కడ్డీతో ముంచి తీయి. తీగపాకం లాగా సాగితే దగ్గరపడ్డట్టు. కడ్డీతో పాటు ముద్దంతా పైకి లేస్తే అయిపోయినట్టు. అరిసెల పాకం చూసిన చేతికి ఇది ఎవరూ నేర్పక్కర్లేదు. టీడీఐ ఆవిరి మాత్రం ప్రమాదం, ఇదంతా ఫ్యూమ్ హుడ్‌లోనే చేయి.

#7 · డెల్టాజీ · మంగళవారం మధ్యాహ్నం 1:33

మాస్టారి పోస్ట్‌లో ఒక్క చోట విభేదిస్తాను. "రెండు పాలిమర్లూ పొడవయ్యే కొద్దీ" అన్నారు. ఈ రెండూ ఒకేలా పెరగవు, గొడవంతా అక్కడే.

పీయూ మెట్టుమెట్టుగా పెరిగేది. సగం ఎన్‌సీఓ అయిపోయినా బీకరులో ఉండేవి ఇద్దరు ముగ్గురు కలిసిన పొట్టి ముక్కలే. ఆముదంలో ఒక్కో అణువుకు సగటున 2.7 ఓహెచ్‌లు అనుకుంటే, సమపాళ్లలో జెల్ పాయింట్ 1.7 వర్గమూలానికి విలోమం, అంటే సుమారు 0.77. ప్రతి వంద గ్రూపుల్లో 77 దాకా కలిస్తే గానీ వల పడదు.

స్టైరిన్ దారి వేరు. రాడికల్ పుట్టిన సెకన్ల వ్యవధిలోనే వెయ్యి యూనిట్ల గొలుసు పూర్తయిపోతుంది. మార్పిడి 2 శాతమే అయినా ఆ 2 శాతం అంతా పూర్తి పొడవు పాలీస్టైరినే. అంటే విడిపోవడానికి స్టైరిన్ పొడవయ్యే దాకా ఆగక్కర్లేదు, అది పుట్టడమే పొడవుగా పుడుతుంది.

ఇప్పుడు ఓపీ గారి (మొదటి పోస్ట్ పెట్టినవారి) పద్ధతి చూడండి. 0.02 శాతం కెటలిస్ట్, పావుగంటకే 75 డిగ్రీలు. ఆముదంలో ఉన్నవి సెకండరీ ఓహెచ్‌లు, అసలే నెమ్మది. 75 దగ్గర పెరాక్సైడ్ పనికి దిగిపోతుంది. పీయూ 77కి చేరేలోపు స్టైరిన్ చాలా దూరం వెళ్లిపోయి ఉంటుంది. అంటే పందెం మొదలుపెట్టకముందే స్టైరిన్‌ను సగం దూరంలో నిలబెట్టినట్టు.

#8 · చాక్‌పీసు మాస్టారు · మంగళవారం మధ్యాహ్నం 2:10

ఒప్పుకున్నాను డెల్టాజీ. నేను తొందరగా రాశాను. 77 లెక్క బాగుంది, నా క్లాసులో ఈ ఉదాహరణ చెప్పి ఉంటే పిల్లలు నిద్రపోయేవాళ్లు కాదేమో.

#9 · కాంతిరేఖ · మంగళవారం సాయంత్రం 7:48

అందరూ తెలుపు గురించే మాట్లాడుతున్నారు. నాకు అసలు టెన్షన్ పెట్టింది ఎంఎంఏ వాక్యం. "క్లియర్‌గా ఉంది కాబట్టి కలిసిపోయింది" అని రిపోర్ట్‌లో రాశారా? వీలైతే వెనక్కి తెప్పించుకోండి.

కాంతి చెదరాలంటే రెండు కావాలి. గడ్డల సైజు వెలుగు అలతో పోటీపడాలి, రెండు గడ్డల వక్రీభవన సూచికల్లో (కాంతిని ఎంత వంచుతాయనే కొలతలో) తేడా ఉండాలి. పీఎంఎంఏది 1.49. ఆముదం నూనెదే 1.48 దగ్గర, దాని పీయూ 1.5 చుట్టుపక్కల. పాలీస్టైరిన్ 1.59. అంటే పీఎంఎంఏ, పీయూ పూర్తిగా విడిపోయి మైక్రాన్ గడ్డలుగా కూర్చున్నా మీ కంటికి దాదాపు అద్దంలాగే కనిపించొచ్చు. గ్లిజరిన్‌లో గాజు కడ్డీ మాయమవుతుంది కదా, ఆ ట్రిక్కే. స్టైరిన్ ఫిల్మ్ తన తప్పు ఒప్పుకుంటోంది, ఎంఎంఏ ఫిల్మ్ దాచుకుంటోంది.

#10 · ఆముదంచేను · మంగళవారం రాత్రి 9:02

అక్కా, మీ పోస్ట్ చదివి అన్నం సహించలేదు. రిపోర్ట్ ఇచ్చేసి పది రోజులైంది.

అయితే ఎంఎంఏ ఫిల్మ్‌లో ఏం జరుగుతోందో ఎలా తెలుసుకోవాలి?

#11 · కాంతిరేఖ · మంగళవారం రాత్రి 9:30

డీఎంఏ, అంటే ఫిల్మ్‌ని వేడి చేస్తూ ఊపి, ఆ ఊపులో ఎంత శక్తిని మింగుతోందో కొలిచే పరీక్ష. ఆ మింగుడును చూపే టాన్ డెల్టా గ్రాఫ్‌లో రెండు శిఖరాలుంటే రెండు ప్రావస్థలు (ఫేజ్‌లు). ఒకే శిఖరం సన్నగా ఉంటే కలిసినట్టు. ఒకే శిఖరం వెడల్పుగా, బద్ధకంగా ఉంటే కలిసినట్టు కాదు, రకరకాల పాళ్లలో కలిసిన చోట్లు లోపల బోలెడున్నట్టు. చాలా పేపర్లు ఈ మూడోదాన్ని చూపించి "మాలిక్యులర్ స్థాయిలో కలిసింది" అని రాసేస్తాయి. రివ్యూవర్‌గా నేను ఆపిన వాటిలో ఇదే ఎక్కువ.

ఇంకోటి. ఆముదంలో డబుల్ బాండ్లు ఉన్నాయి కాబట్టి ఆస్మియం టెట్రాక్సైడ్‌తో పీయూ ప్రావస్థకు రంగు పట్టి టీఈఎంలో (ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్‌లో) నల్లగా కనిపిస్తుంది. కానీ ఆస్మియం ఖరీదు, కళ్లకు చాలా ప్రమాదం. అలవాటున్న మనిషి లేకుండా దాని జోలికి వెళ్లొద్దు.

స్టైరిన్ బ్యాచ్‌కి మాత్రం ఖర్చు లేని పద్ధతి ఒకటుంది. ఎర్ర లేజర్ పాయింటర్ తీసుకోండి, 650 నానోమీటర్లది. 75 డిగ్రీల నీళ్ల గాజు బీకరులో సన్న గాజు సెల్ పెట్టి, అందులోంచి కాంతి పంపి, 20 సెంటీమీటర్ల దూరంలో తెల్ల కాగితం నిలబెట్టండి. గది చీకటిగా ఉండాలి. ఫోన్‌లో వీడియో తీస్తూ ఉండండి. కాగితం మీద ఏం కనబడిందో ఇక్కడ చెప్పండి.

#12 · రబ్బరుబాబాయ్ · మంగళవారం రాత్రి 9:41

లేజర్ నేరుగా కంట్లో పడకుండా చూసుకో తమ్ముడూ. గాజు మీద నుంచి వెనక్కి కొట్టేది కూడా.

#13 · ఆముదంచేను · గురువారం రాత్రి 11:56

అక్కా, కనబడింది!

మొదటి అరగంట కాగితం మీద ఒట్టి ఎర్ర చుక్క. 33వ నిమిషం దగ్గర చుక్క చుట్టూ దూరంగా లేత వలయం. సూర్యుడికి గుడి కట్టినట్టు. ముందు కళ్లు చెదిరాయేమో అనుకుని లైటు వేసి ఆర్పాను, అలాగే ఉంది. తర్వాత అది మెల్లగా లోపలికి ముడుచుకుంటూ ముదురుతూ వచ్చింది. 48వ నిమిషం దగ్గర ముడుచుకోవడం ఆగింది. అక్కడి నుంచి గంట చూసినా కదల్లేదు. ఆగినప్పుడు వలయం వ్యాసార్థం సరిగ్గా 5 సెంటీమీటర్లు. అదే టైముకి పక్క ట్యూబ్‌లో బాబాయ్ చెప్పిన తీగపాకం దాటి ముద్ద లేచింది.

ఫోన్ స్టాండ్ లేక ఇడ్లీ కుక్కర్‌కి ఆనించి తీశాను వీడియో. హాస్టల్ రూమ్మేట్‌దిలెండి. ల్యాబ్‌లోకి ఎలా వచ్చిందో అడగొద్దు.

#14 · కాంతిరేఖ · శుక్రవారం ఉదయం 7:20

అద్భుతం. దాదాపు పైసా ఖర్చు లేకుండా మొత్తం కథ చూసేశారు.

5 ని 20 తో భాగిస్తే 0.25. కోణం సుమారు 14 డిగ్రీలు. 0.65 మైక్రాన్లను సైన్ 14తో భాగించండి, 2.7 మైక్రాన్లు వస్తుంది. మీ ఫిల్మ్‌లో ఒక గడ్డ నుంచి పక్క గడ్డకి దూరం సుమారు అంత.

చుక్క చుట్టూ ఊరికే వెలుగు పరుచుకుంటే అక్కడక్కడా చినుకుల్లా పుట్టి పెరిగాయని, అంటే న్యూక్లియేషన్. మీకు వచ్చినట్టు వలయం వస్తే మిశ్రమం అంతటా ఒకేసారి, ఒకే అంతరంతో విడిపోయిందని. దీన్నే స్పైనోడల్ డీకాంపొజిషన్ అంటారు. మీ మైక్రోస్కోప్‌లో వేలిముద్రల్లాంటి అల్లిక కూడా అదే చెబుతోంది. వలయం లోపలికి ముడుచుకుంటోందంటే గడ్డలు పెద్దవవుతున్నాయి. ఆగిందంటే వల వాటిని పట్టేసింది.

అంటే విడిపోవడం మొదలయ్యాక పదిహేను నిమిషాలకు గానీ మీ జెల్ రాలేదు. ఆ పదిహేను నిమిషాల్లోనే అంత పెద్దవయ్యాయి.

#15 · ఉప్పుగాలి · శుక్రవారం ఉదయం 10:05

మొదటి నుంచీ చదువుతున్నాను, నాది కెమిస్ట్రీ కాదు, మెకానికల్. ఒక అమాయకపు ప్రశ్న. పేరేమో ఒకదాంట్లో ఒకటి చొచ్చుకుపోయిన వలలు. బొమ్మల్లో రెండు చేపల వలలు చిక్కుపడ్డట్టు వేస్తారు. మీరేమో అవి గడ్డలుగా విడిపోతాయంటున్నారు. మరి ఆ పేరెందుకు?

#16 · చాక్‌పీసు మాస్టారు · శుక్రవారం ఉదయం 11:40

అమాయకపు ప్రశ్న కాదు బాబూ, ఈ రంగంలో అందరూ ఎప్పుడో ఒకప్పుడు అడిగిందే.

పేరు పెట్టింది మిల్లర్, 1960లో. ఆయన తీసుకున్నది పాలీస్టైరిన్‌లో పాలీస్టైరినే. రెండూ ఒకటే పదార్థం, విడిపోయే గొడవే లేదు. అందుకే ఆయనకు ఆ పేరు అతికినట్టు సరిపోయింది. తర్వాత వేర్వేరు పాలిమర్లతో చేసినవాళ్లు కూడా అదే పేరు వాడేశారు. పేరు నిలిచిపోయింది, అర్థం కాస్త జారింది.

వస్తువు మాత్రం పేరు కంటే పాతది. 1914లోనే ఎయిల్స్‌వర్త్ ఫినాల్–ఫార్మాల్డిహైడ్ రెసిన్‌లో రబ్బరు, గంధకం కలిపి పేటెంట్ తీసుకున్నాడు. ఎడిసన్ దగ్గర పనిచేసిన రసాయనవేత్త. గ్రామఫోన్ రికార్డు పెళుసుగా విరిగిపోకుండా చూడటం ఆయన సమస్య. ఆ రోజుల్లో పాలిమర్ అనేది పొడవాటి గొలుసు అని కూడా ఎవరూ ఒప్పుకోలేదు, స్టౌడింగర్ ఆ మాట చెప్పిందే 1920లో.

రెండు చేపల వలల బొమ్మ నాకు మొదటి నుంచీ నచ్చదు. నిజానికి చాలా ఐపీఎన్‌లలో ఒక వల ఎక్కువున్న చోట్లు, రెండోది ఎక్కువున్న చోట్లు ఉంటాయి. పదుల నానోమీటర్ల సైజులో. సరిహద్దుల్లో మాత్రం నిజంగా అల్లుకుని ఉంటాయి. లీహై యూనివర్సిటీలో స్పెర్లింగ్, కీవ్‌లో లిపాటోవ్, వీళ్లిద్దరూ దశాబ్దాలు దీని మీదే కూర్చున్నారు. లిపాటోవ్ పట్టుదల ఏమిటంటే, ఐపీఎన్‌ను దాని తయారీ వేగం నుంచి విడదీసి చూడలేం. ఒకే పాళ్లు, ఒకే పదార్థాలు, కెటలిస్ట్ మారితే వస్తువే మారిపోతుంది. అది సమతాస్థితికి చేరనిది, దారి మధ్యలో ఆగిపోయింది.

ఆముదంతో ఐపీఎన్‌లు కూడా స్పెర్లింగ్ బృందం 1970లలోనే చేసింది.

#17 · డెల్టాజీ · శుక్రవారం మధ్యాహ్నం 12:15

ఆగిపోవడం గురించి ఫ్రెంచ్ భౌతికశాస్త్రవేత్త డి జెన్ వాదన బాగుంటుంది. 1979. కలిసి ఉన్న రెండు పాలిమర్ల మధ్య క్రాస్‌లింకులు వేసేసి, ఆ తర్వాత విడిపోయే పరిస్థితి తెస్తే ఏమవుతుంది? గొలుసులు ముళ్లకు కట్టేసి ఉన్నాయి, రెండు ముళ్ల మధ్య దూరానికి మించి పోలేవు. స్ప్రింగు వెనక్కి లాగుతుంది. అయినా విడిపోవాలనే కోరిక ఉంది. రాజీగా, కంచెకి కట్టేసిన గేదె తాడు ఎంత దూరం ఇస్తే అంతవరకే మేసినట్టు, ఆ వల కన్నం సైజులోనే విడిపోతాయి. 1988లో బ్రైబర్, బావర్ న్యూట్రాన్ స్కాటరింగ్‌లో ఇలాంటి శిఖరాన్ని నిజంగానే చూశారు.

దీన్నుంచి ఓపీ గారికి పనికొచ్చేది: గడ్డ సైజును ఎక్కువగా శాసించేది మొదట పుట్టిన వల బిగువు. రెండో వలకి డీవీబీ ఎంత పోసినా దానంత తేడా రాదు.

#18 · ఉప్పుగాలి · శుక్రవారం మధ్యాహ్నం 12:31

గేదె ఉదాహరణ నాకు అర్థమైంది. థాంక్స్.

ఇంకో మాట. మా పని యంత్రాల కంపనాలు తగ్గించడం. మాకు కావాల్సింది ఆ వెడల్పాటి, బద్ధకపు టాన్ డెల్టా శిఖరమే! ఒకే ఉష్ణోగ్రత దగ్గర కాకుండా పొద్దున చలి నుంచి మధ్యాహ్నం ఎండ దాకా కంపనాన్ని తాగేయాలి. కాంతిరేఖ గారు దాన్ని నేరంలా చెప్పారు.

#19 · కాంతిరేఖ · శుక్రవారం మధ్యాహ్నం 1:02

నేరం అని కాదండీ, దాన్ని "పూర్తిగా కలిసింది" అనడం నేరం. శిఖరం వెడల్పు మీకు వరం, ఒప్పుకుంటాను.

ఫేజ్ సెపరేషన్‌ను కోరి తెచ్చుకునేవాళ్లూ ఉన్నారు. నేను పెట్టుకునే కాంటాక్ట్ లెన్సులు సిలికోన్ హైడ్రోజెల్. 1999 ప్రాంతంలో వచ్చాయి. అందులో ఆక్సిజన్ వెళ్లడానికి సిలికోన్ దారి, నీళ్లు, ఉప్పులు కదలడానికి జెల్ దారి. రెండూ తెగకుండా ఈ మూల నుంచి ఆ మూల దాకా ఉండాలి. పూర్తిగా కలిసిపోతే రెండు దారులూ పోతాయి. మరీ పెద్ద గడ్డలైతే నాకు రోడ్డు కనపడదు. వెలుగు అల 400 నానోమీటర్ల నుంచి మొదలవుతుంది, గడ్డలు దానికి చాలా కింద ఆగిపోవాలి.

#20 · పెట్రిడిష్ · శుక్రవారం మధ్యాహ్నం 1:15

విడిపోవడం అసలు అక్కర్లేని కథ కూడా ఉంది. 2003లో హొక్కైదో యూనివర్సిటీలో గాంగ్ బృందం చేసిన డబుల్ నెట్‌వర్క్ జెల్. రెండు వలలూ నీళ్లను ఇష్టపడేవే. మొదటిది బిగుతుగా, పెళుసుగా. రెండోది వదులుగా, సాగేలా. దాదాపు 90 శాతం నీళ్లే, అయినా పదుల మెగాపాస్కల్ ఒత్తిడి తట్టుకుంది. మొదటి వల తాను చిట్లిపోతూ శక్తిని మింగేస్తుంది. ఆముదం దారి వేరు కానీ, "మొదటి వలే ముఖ్యం" అనే మాట అక్కడా నిజం.

#21 · రబ్బరుబాబాయ్ · శుక్రవారం సాయంత్రం 5:30

కథలు బాగున్నాయి, తమ్ముడి ఫిల్మ్ ఇంకా తెల్లగానే ఉంది.

చేయాల్సింది ఇది. డీబీటీడీఎల్ 0.1 శాతానికి పెంచు. ఓవెన్ వద్దు. గది ఉష్ణోగ్రతలో వదిలెయ్. బెంజాయిల్ పెరాక్సైడ్ సగం విరగాలంటే 72 డిగ్రీల దగ్గరే పది గంటలు పడుతుంది, గది వేడికి అది నిద్రలోనే ఉంటుంది. స్టైరిన్ అప్పటిదాకా ఒట్టి ద్రావణి. పీయూ ముద్ద లేచాక కూడా ఇంకో పూట ఆగు. అప్పుడు 65, తర్వాత 80. ఎక్కడా అమీన్ కెటలిస్ట్ వాడకు, పెరాక్సైడ్‌తో కలిస్తే గది వేడిలోనే రాడికల్స్ పుట్టిస్తుంది, మన పథకం మొత్తం పాడు.

#22 · ఆముదంచేను · తర్వాతి ఆదివారం రాత్రి 8:18

తొమ్మిది రోజుల తర్వాత వచ్చాను, తిట్టకండి. మధ్యలో డ్యూటీలు పడ్డాయి.

బాబాయ్ చెప్పినట్టే చేశాను. గంటన్నరకి తీగపాకం, మూడు గంటలకి ముద్ద. రాత్రంతా వదిలేశాను. 65లో ఆరు గంటలు, 80లో రాత్రంతా. లేజర్ పెడితే వలయం రాలేదు. అసలు రాలేదు.

ఫిల్మ్ తెల్లగా లేదు. అలాగని అద్దమూ కాదు. నల్ల గుడ్డ మీద పెడితే లేత నీలం మెరుపు, వెన్న తీసిన పాలలో నీళ్లు పోస్తే వచ్చే రంగు. అదే ఫిల్మ్‌ని కిటికీకి అడ్డం పెట్టి చూస్తే నారింజ ఛాయ. వెనక న్యూస్‌పేపర్ అక్షరాలు చదవొచ్చు. వంచితే చిట్లలేదు, మడత విప్పితే గీత కూడా పడలేదు. రెండు సార్లు చేశాను, రెండు సార్లూ ఇదే.

కానీ మిగిలిన స్టైరిన్ పూర్తవాలని 120లో రెండు గంటలు పెట్టాను. మసక పెరిగింది. మళ్లీ మొదటికొచ్చిందా అని గుండె జారింది.

#23 · చాక్‌పీసు మాస్టారు · తర్వాతి ఆదివారం రాత్రి 9:05

నీలం, నారింజ అంటే గడ్డలు వెలుగు అల కంటే బాగా చిన్నవైపోయాయి. ఆకాశం లెక్కే. వలయం రాకపోవడానికీ అదే కారణం, ఎర్ర లేజర్‌కి అవి అందనంత చిన్నవి. అసలు విడిపోలేదని కాదు గుర్తుంచుకో, గడ్డలు చిన్నగా ఉండగానే ఆగింది.

120 సంగతి. పాలీస్టైరిన్ సుమారు 100 డిగ్రీల దగ్గర గాజులా గట్టిపడుతుంది. 80లో పెట్టినప్పుడు స్టైరిన్ తరిగే కొద్దీ ఆ ప్రావస్థ గాజుగా మారి, ఎక్కడిదక్కడ బిగుసుకుపోయింది. అందులో కాస్త స్టైరిన్, కాస్త పీయూ ఇరుక్కుని ఉన్నాయి. 120కి తీసుకెళ్లగానే మళ్లీ మెత్తబడి, మిగిలిన స్టైరిన్ పాలిమరైజ్ అయింది. కదలడానికి అవకాశం వచ్చింది.

రెండు జరిగి ఉండొచ్చు. గడ్డలు పెద్దవై ఉండొచ్చు. లేదా సైజు అంతే ఉండి, ప్రతి గడ్డ లోపల శుభ్రపడి, సూచికల తేడా పెరిగి మసక ముదిరి ఉండొచ్చు. నీ పీయూ వల నిజంగా బిగిసి ఉంటే రెండోదే జరగాలి.

రంగు చూడు. నీలం పోయి తెల్లబడితే గడ్డలు పెరిగినట్టు. నీలమే ఉండి చిక్కబడితే శుభ్రపడినట్టు.

#24 · ఆముదంచేను · తర్వాతి ఆదివారం రాత్రి 9:22

ఇప్పుడే ఫోన్ టార్చ్ పెట్టి చూశాను మాస్టారూ. నీలమే. ముందుకంటే చిక్కగా ఉంది. కిటికీ లేదు కదా ఈ టైములో, ట్యూబ్‌లైట్‌కి అడ్డం పెడితే నారింజ కూడా ఇంకాస్త ముదిరింది. తెల్లబడలేదు.

#25 · చాక్‌పీసు మాస్టారు · తర్వాతి ఆదివారం రాత్రి 9:26

అయితే పడుకో. వల పట్టింది.

#26 · డెల్టాజీ · సోమవారం ఉదయం 9:10

పడుకునే ముందు ఒక పని. రెండు ఫిల్ములూ, పాత తెల్లదీ కొత్త నీలందీ, సాక్స్‌లెట్‌లో (ద్రావణితో మళ్లీ మళ్లీ కడిగే గాజు పరికరంలో) టోలుయీన్‌తో రోజంతా కడగండి. బయటికి వచ్చిన భాగంలో పాలీస్టైరిన్ ఎంతుందో చూడండి. ఎక్కువుంటే రెండో వల సరిగ్గా పడలేదు, మీది సెమీ ఐపీఎన్, అంటే ఒక్కటే వల, రెండోది ఒట్టి గొలుసులు. బాగా తక్కువగా ఉందంటే రెండో వల గట్టిగానే పడిందని. దాంతో పాటు ఆముదం డబుల్ బాండ్ల మీద కొంత గ్రాఫ్టింగ్ (పాలీస్టైరిన్ గొలుసు అంటుకట్టినట్టు అతుక్కోవడం) కూడా జరుగుతుండొచ్చు. కాస్త గ్రాఫ్టింగ్ ఉంటే గడ్డలు ఇంకా చిన్నవవుతాయి. థీసిస్‌లో "పూర్తి ఐపీఎన్" అని రాసే ముందు ఇది తేల్చుకోవాలి.

#27 · ఆముదంచేను · బుధవారం రాత్రి 10:50

డీఎంఏ స్లాట్ ముందే దొరికింది.

తెల్ల ఫిల్మ్: రెండు శిఖరాలు, మధ్యలో లోతైన లోయ. పైది దాదాపు ఒట్టి పాలీస్టైరిన్ ఉండాల్సిన చోటే ఉంది. నీలం ఫిల్మ్: రెండు శిఖరాలే, కానీ కిందిది పైకి, పైది కిందికి జరిగాయి. మధ్య లోయ సగం పూడిపోయింది.

ఎంఎంఏ ఫిల్మ్: రెండు శిఖరాలు. స్పష్టంగా, వేర్వేరుగా.

గైడ్ గారి దగ్గరికి వెళ్లి రిపోర్ట్‌లో ఆ వాక్యం తప్పని చెప్పాను. గ్రాఫ్ చూసి, కళ్లజోడు తీసి, ఎంఎంఏ ఫిల్మ్‌ని కిటికీ దగ్గర అటూ ఇటూ తిప్పి చూశారు. "ఇది ఇంత క్లియర్‌గా ఉంది కదయ్యా" అన్నారు. కాంతిరేఖ అక్క గ్లిజరిన్, గాజు కడ్డీ ట్రిక్ చేసి చూపించాను.

సాక్స్‌లెట్ రేపు పెడతాను డెల్టాజీ గారూ. టోలుయీన్ ఇండెంట్ ఇంకా సంతకం కాలేదు.